మంగ్లా రాయి దగ్గర నిలబడకండి

లమ్తపుట్ అవతల కొండల్లో ఉన్న ఆ చిన్న ప్రార్థన మందిరానికి వెళ్ళవలసినది నేను కాదు, మా నాన్న. ఆయన రాయగడలో బడి మాస్టరు. యుద్ధాల్లో చనిపోయిన సైనికుల్ని తలుచుకునే ఆదివారం ఒకటి నవంబరులో వస్తుంది. ఆ రోజున ఏటా ఏదో ఒక కొండ ఊరి సంఘానికి వెళ్ళి, అది ఎందుకు పాటిస్తున్నామో పిల్లలకి అర్థమయ్యే మాటల్లో చెప్పి వస్తాడు. ఈసారి శుక్రవారం నాడు ఆయనకి చలిజ్వరం పట్టుకుంది. దుప్పటి కింద వణుకుతూ, "నువ్వెళ్ళరా. కాని పిల్లలకి కోపం చెప్పకు, కథ చెప్పు" అన్నాడు. నాకు కోపం తప్ప ఇంకేం వచ్చు? స్వాతంత్ర్యం వచ్చి ఏడాది దాటింది. జెండా మారింది, రూపాయి మీద రాజుగారి తల మాత్రం మారలేదు, రాజుగారి చావుల ఆదివారమూ మారలేదు. స్టేషనులో అణాకి దొరికే కరపత్రాలు ఒక రేకు పెట్టెడు చదివినవాణ్ణి నేను. యుద్ధం ఎవరు మొదలెడతారో, అందులో ఎవరు చస్తారో పిల్లలకి విప్పి చెప్పే అవకాశం వచ్చిందని ఎగిరి గంతేసి బయల్దేరాను. మీలో ఎవరైనా ఆ వైపు వెళ్ళదలిస్తే దారీ వేళలూ పనికొస్తాయని వరసగా రాస్తున్నాను. దారి మధ్యలో నేను చేసిన తెలివితక్కువ పని కూడా దాచకుండా రాస్తున్నాను.

రాయగడ నుంచి కొరాపుట్ వైపు నమ్మకమైన బస్సు లేదు. వానలు వెనకబట్టాక, అంటే నవంబరు నుంచి, ఉప్పు లారీలు నడుస్తాయి. శనివారం పొద్దున్న ఆరింటికి స్టేషను గూడ్సు షెడ్డు పక్కన నిలబడితే జయపురం దాకా రెండు రూపాయలకి ఎక్కించుకున్నారు. డ్రైవరు పక్కన కూర్చోవాలంటే ఇంకో పావలా. ఆ పావలా ఖర్చు పెట్టండి, వెనక కూర్చుంటే ఎర్రదుమ్ము, ఎండుచేపల కంపు తప్పవు. మా డ్రైవరు అప్పన్న సాలూరు మనిషి. లక్ష్మీపురం ఘాటు ఎక్కుతున్నంతసేపూ బండితో మాట్లాడాడు, దిగుతున్నంతసేపూ నాతో మాట్లాడాడు.

"ఏటి పని మీద బాబూ ఎల్తన్నారు?"

చెప్పాను. ఆయన బీడీ పక్కకి ఉమ్మేసి, "అంటే దొర్లు ఎల్లిపోనారు, ఆల తద్దినం మీరు పెడతన్నారన్నమాట" అన్నాడు.

ఆ మాట నేను అనవలసిన మాట. మా ఇంట్లో పదిసార్లు అన్న మాట. కాని ఒక లారీ డ్రైవరు నోట వినేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. చచ్చినవాళ్ళలో మనవాళ్ళు కూడా ఉన్నారనీ, కొండవాళ్ళని కూలీలుగా పట్టుకుపోయి అస్సాం అవతల రోడ్లు వేయించారనీ, చదువు లేకుండా మాట్లాడకూడదనీ గట్టిగా అరిచాను.

"మా బామ్మర్ది కూడా ఎల్లేడు బాబూ, తిరిగొచ్చేడు" అన్నాడు అప్పన్న తాపీగా. "ఆడికి యుద్దం గురించి సెప్పమంటే దోమల గురించి సెప్తాడు. మరి తద్దినం పెట్టినోళ్ళు బోజనం పెట్టాల గదా. మీ కాడ పెడతారా?"

"పెట్టరు. రెండు నిమిషాలు మౌనంగా నిలబడతారు."

"ఓస్, సవక తద్దినం" అని గేరు మార్చాడు. 

కకిరిగుమ్మ చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. లారీలు అక్కడ ఇంజను చల్లారబెట్టుకుంటాయి. ఒక పెంకుటింటి అరుగు మీద బొబ్బిలి నుంచి వచ్చిన ముసలమ్మ ఒకామె అరటాకులో అన్నం, కందిపప్పు, ఎండుచేపల పులుసు పెడుతుంది, ఆరణాలు. తినండి, కొరాపుట్ దాకా మళ్ళీ ఏమీ దొరకదు. అక్కడి నుంచి కొండల నిండా వలిసె పూలు, కంటికి ఆనినంత మేరా పసుపు. ఆ చేలల్లో ఒంగి పనిచేస్తున్న ఒక్కొక్క మనిషినీ చూస్తూ, వీళ్ళింట్లోంచి ఎవణ్ణి పట్టుకుపోయారో, ఎవడు తిరిగి రాలేదో అని లెక్కలు వేసుకుంటూ, రేపు చెప్పబోయే ప్రసంగాన్ని లోలోపల పదును పెట్టుకున్నాను. సాయంత్రం ఆరున్నరకి జయపురంలో దిగి, తెలిసినవాళ్ళింట పడుకున్నాను.

ఆదివారం తెల్లవారుజామున అయిదింటికి జయపురం నుంచి మాచ్‌ఖండ్ ఆనకట్ట పనికి సిమెంటు లారీలు బయల్దేరతాయి. అడిగితే పన్నెండణాలకి ఎక్కించుకుంటారు. చలి ఎముకలు కొరుకుతుంది, రెండు దుప్పట్లు కావాలి. లమ్తపుట్ దాటాక ఒక కాలిబాట చీలిక దగ్గర ఎనిమిదిన్నరకి దిగాను. అక్కడి నుంచి రెండు మైళ్ళు నడక, ఒక వాగు. ఆ ఊరి పేరు రాయను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. ఆ ఊరివాళ్ళు గదబలు, అందులో పాతిక ఇళ్ళవాళ్ళు మన మతంలో ఉన్నారు. ప్రార్థన మందిరానికి మట్టిగోడలూ, గడ్డికప్పూ, తలుపు మీద సున్నంతో వేసిన సిలువా ఉన్నాయి.

మందిరం తూర్పు గోడ పక్కన మోకాలెత్తున ఒక పలక రాయి ఉంది. దాని వెనక నిటారుగా పాతిన ఇంకో రాయి ఉంది, కుర్చీకి వీపులాగా. పలక మీద ఏడెనిమిదిమంది పిల్లలు ఎక్కి కూర్చుని ఉడికించిన చిలకడదుంపలు తింటున్నారు, తొక్కలు కిందపడేస్తున్నారు. వాళ్ళలో తెలుగు మాట్లాడే పిల్ల ఒకతె ఉంది, మరియమ్మ, ఏడేళ్ళుంటాయి. ఆ సంఘం పాస్టరుగారి మనవరాలట.

"ఇదేం రాయి అమ్మీ?" అన్నాను.

"మంగ్లా అన్న రాయి. సుక్రి ముసిలమ్మ కొడుకు. యుద్దానికి ఎల్లి సచ్చిపోనాడు" అంది నోటినిండా దుంపతో. "నువ్వు తింటావేటి?"

నాకు తల దిమ్మెక్కిపోయింది. దొరల బిడ్డల పేర్లు ఇత్తడి పలకల మీద చెక్కి, వాటిని నిమ్మకాయతో తోమి మెరిపిస్తారు. ఒక కొండ కూలివాడికి మిగిలినది ఈ ఒక్క రాయి. దాని మీద కాళ్ళు ఆడించుకుంటూ దుంపలు తింటారా? "లేవండి" అని అరిచాను. తెలుగులో ఒకసారి, వాళ్ళ దేశియా మాటలో ఇంకోసారి. "చచ్చిపోయిన మనిషి రాయి ఇది. దీని మీద ఎక్కుతారా? సిగ్గు లేదూ? ఇంకెప్పుడూ ఎవరూ దీని మీద కూర్చోకూడదు." ఒక బుడతడి రెక్క పట్టుకుని కిందకి లాగాను కూడా. అందరూ బిక్కచచ్చిపోయి దిగారు. తొక్కలన్నీ వాళ్ళ చేతే ఏరించాను. ఆ క్షణంలో నా అంత న్యాయమైనవాడు ఆ కొండల్లో లేడనుకున్నాను.

సరే, చెప్పడానికి వచ్చాను గనుక అక్కడే మొదలుపెట్టాను. ఆరాధనకి వచ్చిన మిగతా పిల్లల్ని కూడా పోగేసి రాయి చుట్టూ అర్ధచంద్రాకారంగా నిలబెట్టాను. ముప్పై ఏళ్ళ కిందట ఒక పెద్ద యుద్ధం జరిగిందనీ, ఒక నవంబరు నెలలో పొద్దున్న పదకొండు గంటలకి తుపాకులు ఆగాయనీ, అందుకని ఆ వేళకి లోకంలో చాలాచోట్ల మనుషులు పని ఆపి మౌనంగా నిలబడతారనీ చెప్పాను. మళ్ళీ ఇంకో యుద్ధం వచ్చిందనీ, మంగ్లా అందులో పోయాడనీ చెప్పాను. గెలిచినందుకు చప్పట్లు కొట్టే రోజు కాదిది, శత్రువుని ప్రేమించమని ప్రభువు చెబితే ఆ మాట వినకుండా మనుషులం ఒకర్నొకరం చంపుకున్నందుకు ఆయన ముందు తలదించుకునే రోజు అన్నాను. అవతలివైపు చచ్చినవాళ్ళ కోసం కూడానా అని మరియమ్మ అడిగింది. వాళ్ళకీ అమ్మలున్నారు, వాళ్ళ కోసం కూడా అన్నాను. అక్కడిదాకా బాగానే చెప్పానని ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఆ పిల్ల వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది. "మా మామ్మ సచ్చిపోనప్పుడు మూడు రోజులు ఏడిసేం. ఆలందరికీ కలిపి రెండు నిమసాలేనా?"

నా రేకు పెట్టెలో ఏ కరపత్రంలోనూ దీనికి జవాబు లేదు. జవాబు లేనప్పుడు నాకు గొంతు పెరుగుతుంది. "మాట్లాడకుండా నిలబడ్డం నేర్చుకోండి ముందు" అని, చేతులు కట్టుకుని, తలవంచుకుని, రాయి వైపు తిరిగి మౌనం పాటించడం అభ్యాసం చేయించాను. ఇరవైమంది పిల్లలు, దారినపోయే ఇంకో నలుగురు కూడా వచ్చి చేరి, కదలకుండా నిలబడ్డారు. చూడముచ్చటగా ఉంది.

ఆ మౌనంలోకి ఇద్దరు ఒకేసారి వచ్చారు. మందిరం తలుపులోంచి పాస్టరు సత్యానందం అయ్యగారు, జేబు గడియారం చేత్తో పట్టుకుని. వాగు వైపు నుంచి ఒక ముసలి గదబ స్త్రీ, నెత్తిన నీళ్ళ కుండతో, మెడలో వెండి కంటెలతో. ఆమే సుక్రి. ఒకప్పుడు సాలూరు సంతకి సరుకు మోసేదట, అందుకని తెలుగు వచ్చు.

"ఎవరయ్యా నువ్వు?" అన్నారు అయ్యగారు.

"రాయగడ మాస్టారి అబ్బాయినండీ. నాన్నకి జ్వరం, నన్ను పంపారు."

"పంపితే పంపేరు గాని, మా పిల్ల గుంటల సేత రాతికి దండం పెట్టిస్తన్నావేటి?"

"దండం కాదండీ, మౌనం."

"సేతులు కట్టుకుని, తలలొంచుకుని, రాతి ముందర వరసగా నిలబడితే దాన్నేటంటారు మీ రాయగడలో?"

నేను నోరు తెరిచేలోపల సుక్రి కుండ దించింది. నన్ను కాదు, రాయిని చూసింది. ఖాళీగా ఉన్న పలకని చూసింది.

"ఎవుడు లేపేడు ఈలని?" అంది. "నా కొడుకు మీద కూకోవద్దని ఎవుడు సెప్పేడు?"

"నేనే" అన్నాను. "మర్యాద కోసం" అన్నాను.

"ఏటి మర్యాద? మా కాడ సచ్చిపోనోడికి రాయి ఎందుకెడతారు? బతికున్నోలు కూకోడానికి. మీ తెలుగోలు ఇంటి ముందర అరుగు ఎందుకేత్తారు? ఒట్టినే సూడ్డానికా? జనం కూకుని కబుర్లు సెప్పుకుంటే ఆడు ఇంటాడు. ఆడికి తోడు. ఎవులూ కూకోకపోతే ఆడు మాకు కానోడైపోతాడు. పొద్దు పొద్దున్నే దుంపలు ఉడకబెట్టి గుంటలకి ఎందుకెడతన్నాను అనుకున్నావు? రండర్రా, కూకోండి."

పిల్లలెవరూ కదల్లేదు. నన్ను చూశారు, రాయిని చూశారు. చేతులు కట్టుకునే ఉన్నారు. అంత బాగా నేర్పాను నేను.

ఆ ఊళ్ళో పాత ఆచారం వాళ్ళకి ఊరి నడుమ రాళ్ళ గద్దె ఉంది, తాతలూ ముత్తాతలూ అందరి రాళ్ళూ అక్కడే ఉంటాయి, ఊరి పెద్దలు వాటి మీదే కూర్చుని తగవులు తీరుస్తారు. ఇది నాకు తెలియదు. మతంలో కలిసినవాళ్ళకి అక్కడ చోటు ఇవ్వరు. అందుకని సుక్రి కొడుకు రాయిని మందిరం పక్కన పెట్టుకుంది. పోయిన ఏడాది పంట కోతలయ్యాక అన్నదమ్ముల చేత మోయించి తెచ్చింది, పాత ఆచారంలో కొయ్యవలసిన దున్నపోతుని కాదుకదా కోడిని కూడా కొయ్యలేదు. ఇదంతా అయ్యగారే నన్ను పక్కకి లాక్కుపోయి పళ్ళ బిగువున చెప్పారు.

"మిషను దొరగారు తనిఖీకొచ్చి ఇదేటని అడిగితే అరుగు అని సెప్పేను. అబద్ధం కాదు, అరుగే. గుంటలు కూకుంటారు, సాయంత్రం నేనూ కూకుంటాను. ఇప్పుడు నువ్వొచ్చి గంటలో దాన్ని దేవుణ్ణి సేసీసేవు. రేపు పాతిక ఇళ్ళోళ్ళూ తలో రాయీ తెస్తారు, మొక్కుతారు. రాయెనకాల దున్నపోతు వస్తాది. దున్నపోతెనకాల అప్పిచ్చే షావుకారొస్తాడు. భూమి ఎల్లిపోద్ది. నేను ముప్పై ఏళ్ళు సూసేను, నువ్వు పుస్తకాల్లో సూసేవు. ఆరాధన అవగానే తీయించేస్తాను."

"ఇది అన్యాయం" అన్నాను. "దొరకి భయపడి—"

"దొరకి భయపడితే ఏడాది ఉంచేవాణ్ణా?" అని ఆయన లోపలికి వెళ్ళిపోయారు.

పదకొండింటికి వాసానికి వేలాడదీసిన రైలు పట్టా ముక్క మీద ఇనప కడ్డీతో గంట కొట్టారు. పెద్ద మిషను నుంచి వచ్చిన, చనిపోయినవాళ్ళ పేర్ల కాగితం అయ్యగారు చదివారు. పేర్లన్నీ దొరల పేర్లు, ఆయనకే నోరు తిరగడం లేదు. ఆ కొండల్లో ఒక్కడు కూడా ఎరగని పేర్లు. చదవడం అయింది. నేను ఆగలేకపోయాను. లేచి నిలబడి, "ఇంకో పేరుందండీ. మంగ్లా" అన్నాను.

"కాగితంలో నేదు బాబూ. సిపాయి కాదు, రోడ్డు కూలీ. కూలోలకి కాగితాలు రావు. కూకో."

"కాగితం లేకపోతే చావనట్టేనా?"

"మౌనం" అన్నారు అయ్యగారు. అందరూ లేచారు. ఆ రెండు నిమిషాలూ నేను దేవుణ్ణి తలుచుకోలేదు, పళ్ళు కొరుక్కున్నాను. కాగితం పంపినవాడి మీద, చదివినవాడి మీద, కూలీకి కాగితం అక్కర్లేదన్న ఆ సైన్యం మీద, ఆ సైన్యం వెళ్ళిపోయినా దాని కాగితాన్ని పట్టుకు వేలాడుతున్న మన మీద కోపం. పక్క వరసలో సుక్రి నిలబడి ఉంది. పేరు పలికినందుకు నాకేసి కృతజ్ఞతగా చూస్తుందని ఓరగా చూశాను. ఆవిడ చూడలేదు.

బయటికొచ్చాక ఆవిడే నా దగ్గరికి వచ్చింది. "పేరు అరిసేవు. బాగానే ఉంది. ఆ కాగితంలో ఆడి పేరుంటే నాకేటి, నేకపోతే నాకేటి? నాను సదవనేను. రాయి ఎల్లిపోతంది నీ వల్ల. అది సూడు."

అప్పటికే ఇద్దరు మనుషులు గునపాలు పట్టుకొచ్చి నిలువు రాయి మొదట్లో మట్టి కదుపుతున్నారు. అయ్యగారి మీదకి మళ్ళీ పరిగెత్తబోయి ఆగిపోయాను. ఏం చెప్పాలి? అది దేవుడు కాదు, అరుగు అని చెప్పాలి. చెబితే ఆయన పిల్లల వైపు చెయ్యి చూపిస్తారు. అప్పుడు కూడా వాళ్ళు రాయికి బారెడు దూరంలో చేతులు కట్టుకుని నిలబడే ఉన్నారు. అయ్యగారితో వాదించి లాభం లేదు. వాదించవలసినది పొద్దున్న నేను ఆ పిల్లలకి చెప్పినదానితో.

వెళ్ళి పలక మీద కూర్చున్నాను. గునపాలవాళ్ళు ఆగారు. "రండి" అన్నాను పిల్లలతో. ఎవరూ రాలేదు. నేను చెయ్యి ఎత్తితే, పొద్దున్న నేను రెక్క పట్టుకు లాగిన బుడతడు వెనక్కి దాక్కున్నాడు. అది చూసి నా మీద నాకు పుట్టిన కోపం మామూలుది కాదు.

"నేను తప్పు చెప్పేను" అన్నాను. పెద్దవాళ్ళు తమతో ఆ మాట అనడం వాళ్ళు ఎప్పుడూ వినలేదనుకుంటాను, నోళ్ళు తెరుచుకుని చూశారు. "పొద్దున్న నాకు ఈ రాయి సంగతి తెలీదు, తెలుసుకోకుండా అరిచేను. వినండి. బైబిలులో యొర్దాను నది దాటిన జనం పన్నెండు రాళ్ళు నిలబెట్టేరు. ఎందుకు? పిల్లలు ఇవేం రాళ్ళని అడిగితే పెద్దాళ్ళు కథ చెప్పడానికి. అడగాలి, చెప్పాలి, అదే దాని పని. నోరు మూసుకుని నిలబడితే కథ ఎవరు చెప్తారు? ఇంకోటి. ప్రభువు చనిపోయేముందు, నన్ను ఎలా తలుచుకోవాలో తెలుసా అని శిష్యులకి చూపించేడు. నిలబెట్టి చూపించేడా? లేదు. అందరూ కూర్చుని ఉన్నారు. రొట్టె విరిచి పెట్టేడు. తింటూ తలుచుకోమన్నాడు. మీరు పొద్దున్న చేస్తున్నది అదే. నేను చెడగొట్టేను."

తలుపు దగ్గర నిలబడ్డ అయ్యగారు వింటున్నారని తెలుసు. ఆయన కోసం కూడా అన్నాను, ఒప్పుకుంటాను. తర్వాత సుక్రిని అడిగాను, మంగ్లా అక్కడ ఏం చేసేవాడో చెప్పమని.

"రోడ్డెయ్యడానికి రాళ్ళు మోసీవోడు. తుపాకీ ముట్టుకోనేదు" అంది సుక్రి, నిలబడే. "జొరం వొచ్చింది. ఆడితో ఎల్లినోడు తిరిగొచ్చి కబురు సెప్పేడు. ఆకర్న కూకుంటానన్నాడంట. కూకోబెట్టడానికి పొడి నేల ఎక్కడా నేదంట, అంతా బురదేనంట." అంతే చెప్పింది.  గునపాలవాళ్ళ వైపు తిరిగి, "కానీండి, కానీండి" అంది వెటకారంగా. "సాలూరు సంత కాడి నుంచి ఉప్పు మోసిన రెక్కలివి. మీరు పీకేస్తే సాయంత్రానికి నానే మల్లీ తెచ్చి పెడతాను."

మరియమ్మ రెండడుగులు ముందుకొచ్చింది. "మామ్మా, మేమందరం కూకుంటే అన్నకి బరువవదేటి?"

"రాళ్ళు మోసినోడే అమ్మీ. నీ బరువేటి ఆడికి? రెండు దుంపలంత లేవు."

ఆ పిల్ల నాకేసి చూసింది, మళ్ళీ అరుస్తానేమోనని. నేను జరిగి చోటిచ్చాను. ఎక్కి కూర్చుంది, కాళ్ళు ఆడించింది. ఇంకొకడు ఎక్కాడు. తర్వాత ముగ్గురు. బుడతడు నా వైపు కాకుండా అవతలి చివర ఎక్కాడు, నాకు తగిన శాస్తి. క్షణంలో చోటు చాలక తోపులాట మొదలైంది, ఎవడో ఎవడి జుట్టో పట్టుకున్నాడు, సుక్రి మిగిలిన దుంపలు తెచ్చి పంచింది. మళ్ళీ నేల నిండా తొక్కలు.

గునపాలవాళ్ళలో ఒకడు అయ్యగారి ముఖం చూశాడు. అయ్యగారు తలుపు దగ్గర నుంచి ముందుకొచ్చారు. గడియారం తీశారు, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

"అరుగు పీకీస్తే గుంటలు ఎక్కడ కూకుంటారురా? ఎల్లండి, ఆ మట్టి సర్దీసి ఎల్లండి" అన్నారు. తర్వాత నాతో, "నువ్వు మళ్ళీ రాకు. వొచ్చే ఏడు మీ నాన్ననే పంపు" అన్నారు. పేరు చదువుతారా అని అడిగాను. "కాగితం తే, సదువుతాను" అని వెళ్ళిపోయారు. ఆయన మంచివాడా చెడ్డవాడా అన్నది నేను ఇంకా తేల్చుకోలేదు.

సుక్రి దొన్నెలో చోడి అంబలి పోసి ఇచ్చింది. "తాగు. నోరు కాళీగా ఉంటే నీకు మంచిది కాదు" అంది. ఆ రాయి మీదే కూర్చుని తాగాను. మూడింటికల్లా మళ్ళీ రోడ్డు మీదకి చేరుకోండి. జయపురం వైపు ఖాళీ లారీలు ఆ వేళకే వస్తాయి, అవి తప్పితే ఆ రోజుకి ఇంకేమీ రావు.

ఇంటికొచ్చి వారమైంది, నా కోపం తగ్గలేదు, తగ్గాలని కూడా నాకు లేదు. రోడ్డు వేసి చచ్చినవాడికి కాగితం లేదన్న లోకం మీద కోపం ఉండవలసినదే. ఆ రోడ్డు మీద లారీలు నడిచాయి, ఆ లారీల్లో వెళ్ళినవాళ్ళ పేర్లు ఇత్తడికెక్కాయి. కాని ఆ ఆదివారం నాడు మంగ్లాకి ఉన్న కాస్త చోటునీ పోగొట్టబోయినది దొర కాదు, సైన్యం కాదు. వాడి తరఫున అరుస్తున్న నేను. వాడి తల్లికి ఏం కావాలో అడగకుండా వాడికి మర్యాద చెయ్యబోయాను. నేను చదివిన కరపత్రాలు రాసినవాళ్ళలో ఎవరైనా ఏ సుక్రినైనా అడిగి రాశారా అని ఇప్పుడు అనుమానంగా ఉంది. అడిగితే బహుశా పేజీలు తగ్గేవి. పిల్లలకి ఈ రోజు గురించి చెప్పేవాళ్ళు నా ప్రసంగంలో శత్రువుని ప్రేమించే భాగం ఉంచుకోండి, అది నాది కాదు, ప్రభువుది. మిగతాది వాళ్ళ ఊళ్ళో చచ్చిపోయినవాడి తల్లి చేత చెప్పించండి.

వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. మందిరం తూర్పు గోడ పక్కన పలక రాయి కనిపిస్తే టోపీ తీయకండి, చేతులు కట్టుకోకండి, గొంతు తగ్గించకండి. తినడానికి ఏదైనా తీసుకెళ్ళి దాని మీద కూర్చోండి. చోటు లేకపోతే పిల్లల్ని కొంచెం జరగమనండి.